‘ఎందుకు చేశాడు’ అన్న గడిలో ఏం రాయాలి?

నిశిత (ప్రశ్న)

పాత నేరాల కేసులను ఒక్కో పేజీలోకి కుదించి నోట్సు రాసుకునేటప్పుడు పెన్ను ఆగిపోయేది ఒక్క చోటే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నవి తీర్పు చదివితే దొరుకుతాయి. ‘ఎందుకు’ దగ్గరకొచ్చేసరికి ఒకే కేసుకు నాలుగు జవాబులుంటాయి. దర్యాప్తు అధికారి డబ్బు కోసమంటాడు. మానసిక నిపుణుడు తల్లి దగ్గర మొదలుపెడతాడు. డాక్యుమెంటరీలో సైకోపాత్ (ఎదుటివాళ్ల బాధ పట్టనివాడు) అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దోషి జైల్లోంచి చెప్పేదానికీ ఈ మూడింటికీ పొంతనే ఉండదు.

ఈ విషయం బాగా తెలిసినవాళ్లు నాలుగు సంగతులు చెప్పగలరా? పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువుల్ని హింసించడం, ఈ మూడూ చిన్నప్పుడు కనిపిస్తే పెద్దయ్యాక హంతకుడవుతాడన్న మాటకు ఆధారం ఎంత? నేరస్థలాన్ని చూసి మనిషిని ఊహించే ప్రొఫైలింగ్‌ను కారణానికి సాక్ష్యంగా తీసుకోవచ్చా? దోషి తన నోటితో చెప్పిన కారణానికి ఎంత బరువివ్వాలి? చివరిదాకా కారణమే తేలని కేసుల్లో ఆ గడిలో ఏం రాయాలి?

కేస్‌డైరీ

నిశిత గారూ, చిక్కంతా ఆ గడి ఒక్కటే ఉండటం వల్ల వచ్చింది. నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు తెచ్చి ఒకే గడిలో కుక్కుతున్నాం. ముందు దాన్ని విడగొట్టండి.

మొదటిది ఉద్దేశం. చంపాలనే చేశాడా, బెదిరించబోతే ప్రాణం పోయిందా అన్నది. కోర్టు తేల్చాల్సింది దీన్నే. రెండోది మోటివ్. డబ్బు, పగ, అసూయ, పాత నేరం బయటపడకుండా చూసుకోవడం లాంటివి. చాలా దేశాల చట్టాల్లో నేరం రుజువు కావడానికి మోటివ్ చూపించి తీరాలన్న నియమం లేదు. చూపిస్తే కేసు బలపడుతుంది, అంతే. అందుకే తీర్పులో మోటివ్ గురించి రెండు వాక్యాలే ఉంటే, కోర్టు ఏదో దాచిందని అనుకోనక్కర్లేదు. మూడోది నేపథ్యం: మనిషి అలా ఎలా తయారయ్యాడన్నది. నాలుగోది తక్షణ కారణం: ఇన్నేళ్లు ఊరుకున్నవాడు ఆ వారమే, ఆ మనిషినే ఎందుకు ఎంచుకున్నాడన్నది. మోటివ్ అడిగితే బాల్యం చెప్పడం, తక్షణ కారణం అడిగితే రోగం పేరు చెప్పడం, ఈ రకం రచనల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

ఇంగ్లండ్‌లోని హైడ్ పట్టణంలో పనిచేసిన డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్ కేసు తీసుకోండి. 2000 జనవరిలో 15 హత్యలకు, ఒక వీలునామా ఫోర్జరీకి శిక్ష పడింది. ఆ తర్వాత జరిగిన విచారణ 2002 నివేదికలో, అతని చేతిలో చనిపోయినవారు 215 మంది అని తేల్చింది. ఎక్కువమంది వయసు మళ్లిన మహిళలు. వాడింది డైమార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు ఇంజెక్షన్. ఉద్దేశం గురించి సందేహం లేదు: మరణం తర్వాత కంప్యూటర్‌లో రోగి రికార్డులోకి వెళ్లి, గుండెజబ్బు ఉన్నట్టు పాత తేదీలతో రాశాడు. ఆ రాతలు అసలు ఎప్పుడు చేరాయో యంత్రం విడిగా నమోదు చేసుకుంటుందని అతనికి తెలియదు. ఉద్దేశాన్ని పట్టిచ్చేది ఇలాంటి ఆధారమే. ఇందుకు మనస్తత్వశాస్త్రంతో పని లేదు.

మోటివ్ దగ్గరకు రండి. దొంగ వీలునామా ఉంది కాబట్టి డబ్బు అనేయొచ్చు. కానీ అది ఒక్క మరణాన్ని వివరిస్తుంది, మిగతా రెండు వందలకు పైగా మరణాలను వివరించదు. నేపథ్యం అంటే, అతనికి 17 ఏళ్లప్పుడు తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. డాక్టరు ఇంటికొచ్చి ఆమెకు మార్ఫిన్ ఇవ్వడం అతను చూశాడు. చెప్పడానికి ఎంతో పొందికైన కథ ఇది, అందుకే అంతా దాన్నే ఎత్తుకున్నారు. అయితే తల్లి చావును అలా చూసిన పిల్లలు ఎందరో ఉంటారు. పైగా ఆ కథ నిజమని అతను ఎక్కడా చెప్పలేదు. చేసింది ఒప్పుకోనే లేదు. 2004 జనవరిలో జైల్లో ఉరి వేసుకున్నాడు. అంటే నాలుగు గడుల్లో ఒకటి గట్టిగా నిండుతుంది, ఒకటి కొద్దిగా నిండుతుంది, రెండు ఖాళీగా మిగులుతాయి. నోట్సులో కూడా అలాగే ఉండాలి.

ఇక చదివే వరుస. ముందు అప్పీలు తీర్పు చదవండి. ఏ సాక్ష్యం నిలబడింది, ఏది కొట్టుకుపోయింది అన్నది అందులో తెలుస్తుంది. తర్వాత కింది కోర్టు తీర్పు, శిక్ష ఖరారు చేస్తూ జడ్జి రాసిన మాటలు. ఆపైన విచారణ కమిషన్ నివేదిక ఉంటే అది. అప్పటి పత్రికలు ఆ తర్వాత. ఇంటర్వ్యూలు, డాక్యుమెంటరీలు అన్నిటికన్నా చివర. ఈ వరుస తిరగబడితే, డాక్యుమెంటరీ కథే మనసులో కూర్చుంటుంది, తీర్పులో దానికి సరిపోయే ముక్కలే కళ్లకు కనిపిస్తాయి.

చదువుతూనే టైమ్‌లైన్ గీయండి. నేరం జరిగిన రోజుతో మొదలుపెట్టకండి. వీలైతే ముందు ఆరు నెలలు, తర్వాత ఆరు నెలలు తీసుకోండి. ఒక వరుసలో చేసిన పని, పక్కన దానికి ఆధారం (రశీదు, ఫోన్ రికార్డు, సాక్షి), ఇంకో పక్కన ‘ఇక్కడ వేరే దారి ఉందా’ అన్న ప్రశ్న. వెనక్కి తగ్గే వీలున్నా ముందుకే వెళ్లిన ప్రతిచోటా ఒక గుర్తు పెట్టండి. నేరాన్ని ఇలా దశలుగా విప్పి చూడటాన్ని 1994లో నేరశాస్త్రవేత్త డెరెక్ కార్నిష్ ‘క్రైమ్ స్క్రిప్ట్’ అన్నాడు: సన్నాహం, చోటికి చేరడం, అదను కోసం చూడటం, పని, బయటపడటం, ఆనవాళ్లు తుడవడం. ఒక్క క్షణం ఆవేశంలో జరిగిపోయిందని లాయరు వాదించిన కేసును ఇలా విప్పితే, ముందు రోజు కొన్న వస్తువు బయటపడవచ్చు. పక్కా పథకమని పత్రికలు రాసిన కేసులో సన్నాహమన్నదే కనిపించకపోవచ్చు కూడా.

ఇంకొకటి. నేరం పూర్తి కావడానికి అవసరమైన పనులను, అవసరం లేకపోయినా చేసిన పనులను విడదీయండి. తలుపు ఎలా తెరిచాడు, ముఖం ఎలా దాచాడు అన్నవి పద్ధతికి సంబంధించినవి. అవి అనుభవంతో మారతాయి. పనికి ఏ రకంగానూ ఉపయోగపడకపోయినా ప్రతిసారీ చేసింది ఏదైనా ఉంటే, దాన్ని దర్యాప్తు భాషలో సిగ్నేచర్ అంటారు. మోటివ్ గురించి ఏమైనా తెలిస్తే ఇక్కడే తెలుస్తుంది. తికమక పడేదీ ఇక్కడే. శవం మీద దుప్పటి కప్పి ఉంటే పశ్చాత్తాపమని చటుక్కున రాసేస్తారు. కిటికీలోంచి కనిపించకూడదనీ కప్పి ఉండొచ్చు. రెండు వివరణలూ రాసుకుని, ఏ సాక్ష్యం దొరికితే ఒకటి కొట్టేయొచ్చో పక్కన రాయండి.

గణాంకం

మొదటి సందేహానికి జవాబు: ఆ మూడు లక్షణాల సూత్రాన్ని నోట్సులోంచి తీసేయండి.

దాని మూలం 1963లో జాన్ మెక్‌డొనాల్డ్ అనే సైకియాట్రిస్టు రాసిన వ్యాసం. అమెరికాలోని కొలరాడో ఆసుపత్రిలో తాను చూసిన 100 మంది రోగుల గురించి అది. వాళ్లు చంపినవాళ్లు కాదు, చంపుతామని బెదిరించినవాళ్లు! ఈ ఒక్క మాట జారిపోవడంతో అరవై ఏళ్లుగా సూత్రం తలకిందులుగా ప్రచారంలో ఉంది. తర్వాత మెక్‌డొనాల్డే పరీక్షించి చూసుకున్నప్పుడు ఆ సంబంధం నిలబడలేదు. మూడింటిలో జంతుహింసకు, తర్వాతి హింసకు కొంత ముడి ఉందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. పక్క తడపడానికి అలాంటి బలమేమీ లేదు. ఇంట్లో దెబ్బలు, భయం మధ్య పెరిగే పిల్లల్లో అది కనిపించవచ్చు. మామూలు ఇళ్లలో ఎంతోమంది పిల్లల్లోనూ కనిపిస్తుంది. దాన్ని హంతక లక్షణాల జాబితాలో చూసి బెంగపడే తల్లిదండ్రులున్నారు. అందుకే ఇంత గట్టిగా చెప్పడం.

ఇక అసలు గణితం. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే. పది లక్షల మంది పిల్లల్లో వందకొకరికి ఏదో ఒక లక్షణం ఉందనుకుందాం: 10,000 మంది. ఆ పది లక్షల్లో పెద్దయ్యాక 20 మంది హంతకులయ్యారనుకుందాం. వాళ్లలో సగానికి, అంటే 10 మందికి, చిన్నప్పుడు ఆ లక్షణం ఉంది. వెనక్కి తిరిగి చూస్తే ‘హంతకుల్లో సగం మందికి ఈ లక్షణం ఉంది’ అని గుండె ఝల్లుమనే వాక్యం వస్తుంది. ముందుకు చూస్తే, లక్షణం ఉన్న 10,000 మందిలో 9,990 మంది ఎవరినీ చంపలేదు. రెండు వాక్యాలూ నిజమే, కానీ ‘కారణం’ గడిలోకి ఎప్పుడూ మొదటిదే వచ్చి చేరుతుంది.

బాల్య హింస గురించీ ఇదే. 1989లో క్యాథీ విడమ్ చేసిన అధ్యయనం ఈ రంగంలో మంచి కొలమానం. హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మంది పిల్లలను, అలాంటి నేపథ్యమే ఉన్నా ఆ రికార్డు లేని 667 మందిని పోల్చింది. మైనర్లుగా అరెస్టయినవారు మొదటి గుంపులో 26 శాతం, రెండోదాంట్లో 17 శాతం. హింసాత్మక నేరాలకు అరెస్టయినవారు సుమారు 11, 8 శాతం. తేడా ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. కానీ హింస అనుభవించిన వందమందిలో 89 మందికి ఆ రకం అరెస్టు లేదు. కాబట్టి ‘బాల్యంలో హింస వల్ల’ అని రాయకండి. ‘బాల్యంలో హింస, ముప్పును కొంత పెంచే అంశం’ అని రాయండి. పోల్చి చూసిన రెండో గుంపు లేని ఏ అధ్యయనాన్నీ కారణానికి ఆధారంగా తీసుకోవద్దు. ఎఫ్‌బీఐ ప్రవర్తనా విభాగం జైళ్లలో 36 మంది లైంగిక హంతకులతో చేసిన ప్రసిద్ధ ఇంటర్వ్యూలకు ఉన్న లోపం ఇదే. మాట్లాడటానికి ఒప్పుకున్నవాళ్లే అందులో ఉన్నారు. పోల్చడానికి ఎవరూ లేరు.

‘సైకోపాత్’ అన్న మాట గురించి ఒక ముక్క. సైకోపతిని కొలవడానికి మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ హేర్ చేసిన కొలబద్దలో 20 అంశాలుంటాయి, ఒక్కోదానికి 0, 1 లేదా 2. మొత్తం 40. పరిశోధనల్లో సాధారణంగా 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సైకోపతి అంటారు, యూరప్‌లో 25ను గీతగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. శిక్షణ పొందినవాళ్లు, మనిషితో ఇంటర్వ్యూ చేసి, పాత రికార్డులు తిరగేసి వేయాల్సిన మార్కులివి. టీవీలో కళ్లు చూసి వేసేవి కావు. ఒకవేళ నిజంగానే 34 వచ్చినా, అది మనిషి తీరు గురించి చెబుతుందే కానీ ఆ రాత్రి ఆ ఇంటికే ఎందుకు వెళ్లాడో చెప్పదు. కేస్‌డైరీ గారి లెక్కలో అది మూడో గడి.

పటంగీత

ప్రొఫైలింగ్ గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి.

‘నేరస్థలం చక్కగా సర్ది ఉంది, కాబట్టి చదువుకున్నవాడు, ఉద్యోగం ఉన్నవాడు’ తరహా ప్రొఫైల్‌కు పునాది బలహీనం. నేరస్థులు పద్ధతిగా చేసేవాళ్లు, చిందరవందరగా చేసేవాళ్లు అని రెండు రకాలన్న విభజనను 2004లో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ కాంటర్ బృందం 100 మంది సీరియల్ హంతకుల నేరాల్లోని 39 లక్షణాలతో పరీక్షించింది. రెండు వేరు గుంపులు తేలలేదు. పద్ధతి అన్నది దాదాపు అందరిలోనూ ఎంతో కొంత ఉంది, చిందరవందర మనిషికో రకంగా ఉంది. బ్రిటన్‌లో 1995లో ప్రొఫైల్ వాడిన 184 కేసుల్ని దర్యాప్తు అధికారులనే అడిగి చూస్తే, ఎక్కువమంది ఉపయోగపడిందన్నారు. నేరస్థుణ్ణి గుర్తించడానికి పనికొచ్చింది మాత్రం 2.7 శాతం కేసుల్లో. ఉపయోగపడిందన్న భావన ఎక్కడిదంటే, ఎవరికైనా సరిపోయే వాక్యాలు మనకు మన గురించే రాసినట్టుంటాయి. 1949లో మనస్తత్వ శాస్త్రవేత్త బెర్ట్రమ్ ఫోరర్ ఒకే పేరాను 39 మంది విద్యార్థులకు ఇచ్చి, ఇది నీ గురించే అంటే, అది తమకు ఎంత సరిపోయిందన్నదానికి వాళ్లు సగటున 5కి 4.26 మార్కులు వేశారు. ‘ఆత్మవిశ్వాసం ఉన్నట్టు కనిపించినా లోపల అభద్రత ఉన్నవాడు’ అన్న ప్రొఫైల్ వాక్యం అచ్చంగా ఆ కోవలోది.

దీని ధర ఎంతో చూడాలంటే 1992 జులైలో లండన్ వింబుల్డన్ కామన్‌లో ఒక యువతి హత్య కేసు చదవండి. ప్రొఫైల్‌కు సరిపోయాడని ఒక వ్యక్తి మీద అనుమానం బిగించారు. ఒక మహిళా పోలీసును స్నేహం పేరిట నెలల తరబడి అతని దగ్గరకు పంపి మాట రాబట్టాలని చూశారు. అతను ఒప్పుకోలేదు. 1994లో జడ్జి ఆ సాక్ష్యాన్నంతా కొట్టేశాడు. అనుమానమంతా ఈ మనిషి మీదే ఉన్న రోజుల్లో అసలు నేరస్థుడు రాబర్ట్ నాపర్ బయటే ఉన్నాడు. 1993 నవంబరులో ఇంకో తల్లినీ ఆమె చిన్న కూతురినీ చంపాడు. వింబుల్డన్ నేరాన్ని డీఎన్‌ఏ ఆధారంతో 2008లో ఒప్పుకున్నాడు. మోటివ్ ముందు రాసేసుకుని మనిషిని తర్వాత వెతికితే జరిగేది ఇది.

న్యూయార్క్‌లో 1940 నుంచి 1956 వరకు బాంబులు పెట్టిన జార్జ్ మెటెస్కీని ప్రొఫైలే పట్టిచ్చిందని ఇప్పటికీ చెబుతారు. అతణ్ణి బయటపెట్టింది విద్యుత్ సంస్థలో పాత ఫైళ్లు తిరగేసిన ఒక ఉద్యోగిని. 1931లో ప్లాంటులో గాయపడి, పరిహారం దక్కక, సంస్థకు రాసిన ఫిర్యాదు ఉత్తరాల్లోని మాటలు, బాంబర్ పత్రికకు రాసిన ఉత్తరాల్లోని మాటలు ఒకటేనని ఆమె గుర్తుపట్టింది. ఇక్కడ మోటివ్ కాగితం మీద ఉంది, తేదీతో సహా. ఇలాంటి మోటివ్‌ను గడిలో ధైర్యంగా రాయొచ్చు.

అయితే ప్రొఫైలింగ్ అన్నిటినీ ఒకే గాటన కట్టేయడం సరికాదు. నేరస్థుడి మనసును కాకుండా అతని తిరుగుడును చదివేది ఒకటుంది: భౌగోళిక ప్రొఫైలింగ్. 1993లో కాంటర్, లార్కిన్ 45 మంది వరుస అత్యాచార నేరస్థుల కేసులు తీసుకుని, ఒకదానికొకటి అతి దూరంగా ఉన్న రెండు నేరస్థలాలను కలిపే గీతను వ్యాసంగా పెట్టి వృత్తం గీస్తే, 87 శాతం మంది ఇల్లు ఆ వృత్తంలోనే ఉంది. కెనడాలో కిమ్ రోస్మో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఇంటికి మరీ దగ్గరలో చేస్తే గుర్తుపడతారని కొంత జాగా వదులుతారు, ఆ తర్వాత దూరం పెరిగేకొద్దీ నేరాలు తగ్గుతాయి. ఇది ఎక్కడ చెడుతుందంటే: నేరస్థలాలు ఐదుకన్నా తక్కువున్నప్పుడు, వేరేవాడు చేసిన నేరం ఒకటి పొరపాటున కలిసినప్పుడు, పని కోసం రోజూ ఇంకో ఊరికెళ్లి అక్కడే చేసేవాడైనప్పుడు. చివరి రకానికి వృత్తం అసలు పనిచేయదు. పైగా అది ఇచ్చేది అనుమానితుల జాబితాలో ఎవరిని ముందు చూడాలన్న వరుస మాత్రమే. ‘ఆ చోటే ఎందుకు’ అన్న చిన్న ఎందుకుకు ఇంతకన్నా నమ్మదగిన జవాబు ఈ రంగంలో లేదు.

నిశిత

అందరికీ ధన్యవాదాలండీ. నాలుగు గడులుగా విడగొట్టి షిప్‌మన్ పేజీ మళ్లీ రాస్తే చాలా వాక్యాలు ఎగిరిపోయాయి. మూడో సందేహం మాత్రం అలాగే ఉంది. దోషి స్వయంగా ‘ఇందుకే చేశాను’ అంటే, మనమెవరం కాదనడానికి? మెదడులో గడ్డ దొరికిన కేసులు కూడా ఉన్నాయి కదా, వాటిని ఏ గడిలో పెట్టాలి?

వాంగ్మూలం

చెప్పింది ఎవరన్నదానికన్నా, ఎప్పుడు, ఎవరితో, ఏం ఆశించి చెప్పాడన్నది ముందు చూడాలండీ. అరెస్టుకు ముందు స్నేహితుడికి పంపిన మెసేజ్, అరెస్టయిన రాత్రి వాంగ్మూలం, విచారణలో డిఫెన్స్ వాదన, పదేళ్ల తర్వాత పెరోల్ బోర్డు ముందు మాట - ఈ నాలుగూ నాలుగు రకాల సాక్ష్యాలు. తేదీల వారీగా పక్కపక్కన రాయండి. మారకుండా నిలిచిన ముక్క ఏదైనా ఉంటే దానికి విలువ ఎక్కువ.

పీటర్ సట్‌క్లిఫ్ (ఇంగ్లండ్‌లో మహిళలను వరుసగా చంపినవాడు) 1981 విచారణలో దేవుడి గొంతు వినిపించి చంపానన్నాడు. పరీక్షించిన సైకియాట్రిస్టులు స్కిజోఫ్రీనియా అని ఒప్పుకున్నారు. జ్యూరీ ఒప్పుకోలేదు, 13 హత్యలకు దోషి అంది. పిచ్చివాడినని నమ్మించగలిగితే తక్కువ కాలంలో బయటపడొచ్చని అతను భార్యతో అనగా విన్నానని జైలు అధికారి ఒకరు సాక్ష్యం చెప్పాడు. తర్వాత అతణ్ణి మానసిక రోగుల ఆసుపత్రిలోనే దశాబ్దాలు ఉంచారు. ఈ కేసులో ‘రోగం’ అని కానీ ‘నటన’ అని కానీ ఒక్క మాట రాస్తే తప్పే అవుతుంది. రోగం ఉండొచ్చు, ఆ రోగమే ఈ నేరాలకు కారణం కాకపోవచ్చు, రెండూ వేర్వేరు ప్రశ్నలు.

ఇంతకన్నా ప్రమాదం, అసలు చేయనివాడు కారణం చెప్పడం. స్వీడన్‌లో థామస్ క్విక్ అన్న పేరుతో స్టూరే బెర్గ్‌వాల్ 30కి పైగా హత్యలు ఒప్పుకున్నాడు. 1994 నుంచి 2001 మధ్య 8 హత్యలకు శిక్షలు పడ్డాయి. చిన్ననాటి గాయాలను వెలికితీసే చికిత్సలో, మత్తుమందుల ప్రభావంలో ఉండగా ఆ కథలు పుట్టాయి. ‘ఎందుకు’ అన్నదానికి జవాబు ఎంత అందంగా కుదిరిందంటే, ‘చేశాడా’ అన్నదాన్ని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. 2008లో అన్నీ అబద్ధమన్నాడు. 2013 నాటికి ఎనిమిది కేసులూ వీగిపోయాయి. అమెరికాలో హెన్రీ లీ లూకస్ వందలాది హత్యలు ఒప్పుకున్నాడు. మరణశిక్ష తెచ్చిపెట్టిన హత్య జరిగిన రోజుల్లో అతను వేరే రాష్ట్రంలో పనిలో ఉన్నట్టు రికార్డులు చూపించాయి. 1998లో ఆ శిక్షను తగ్గించారు.

కాబట్టి ఒప్పుకోలు చదివేటప్పుడు మూడు పరీక్షలు పెట్టండి. పోలీసులు బయటికి చెప్పకుండా అట్టిపెట్టుకున్న వివరం అతని నోట ముందుగా వచ్చిందా, లేక ప్రశ్నలోనే ఉందా? (రికార్డింగ్ మొదటి నుంచీ లేకపోతే ఇది తేలదు.) అతను చెప్పాకే దొరికిన వస్తువు ఏదైనా ఉందా? తప్పుగా చెప్పిన వివరాలు ఎన్ని, వాటిని తర్వాతి వాంగ్మూలంలో ఎవరు సరిచేశారు? ఈ మూడూ దాటని ఒప్పుకోలులోని మోటివ్‌ను అసలు రాయనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1990ల మొదట్లో పోలీసు ఇంటర్వ్యూల కోసం వచ్చిన ‘పీస్’ పద్ధతి ఈ తప్పుల నుంచి నేర్చుకున్నదే. అందులో ఒప్పించడం లక్ష్యం కాదు. మనిషిని అడ్డు తగలకుండా మొత్తం చెప్పనిచ్చి, ఆ తర్వాతే ఉన్న సాక్ష్యంతో ఒక్కొక్కటిగా సరిచూస్తారు. ‘ఎందుకు చేశావు’ అని ముందే అడిగితే సమర్థన వస్తుంది. ‘ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పు’ అంటే వివరం వస్తుంది.

నిజంగా చేసినవాడి మాటల్లోనూ సమర్థనను వేరు చేయాలి. 1957లో సైక్స్, మాట్జా ఐదు రకాలు చెప్పారు: నా చేతుల్లో లేదు, ఎవరికీ నష్టం జరగలేదు, వాళ్లకు తగిన శాస్తే, నన్ను అనేవాళ్లు మాత్రం తక్కువా, నావాళ్ల కోసం చేశాను. అమెరికాలోని విచిటా ప్రాంతంలో పదిమందిని చంపిన డెనిస్ రేడర్ 1978లో పంపిన ఉత్తరంలో తనను నడిపించేదాన్ని ‘ఫ్యాక్టర్ ఎక్స్’ అన్నాడు. అది మొదటి రకానికి అచ్చమైన ఉదాహరణ. దాన్నే కారణంగా రాసుకుంటే అతని వకాల్తా మనం పుచ్చుకున్నట్టు.

ఆర్థిక నేరాల్లో మాత్రం ఈ సమర్థన ఇంకో పని చేస్తుంది. 1953లో డొనాల్డ్ క్రెస్సీ, నమ్మి అప్పజెప్పిన డబ్బు వాడుకుని జైలుకొచ్చినవాళ్లను విచారించి చూశాడు. ఎవరికీ చెప్పుకోలేని ఇబ్బంది, చేతిలో ఉన్న అధికారం, ‘అప్పుగా తీసుకుంటున్నాను, మళ్లీ పెట్టేస్తాను’ అన్న మాట, మూడూ కలిస్తేనే పని జరిగింది. ఆ మాట నేరం తర్వాత అల్లుకున్నది కాదు, ముందే ఉన్నది. అక్కడ సమర్థనే కారణంలో ఒక భాగం. అందుకే మోసం కేసులో ఆ వాక్యం మొదటిసారి ఎప్పుడు కనిపించిందో, ఏ ఉత్తరంలో, ఏ లెక్కల పుస్తకం అంచున రాసి ఉందో, దాని తేదీ పట్టుకోవాలి.

కేస్‌డైరీ

మెదడులో గడ్డ సంగతి. ఆ మాట అనగానే గుర్తొచ్చేది 1966 ఆగస్టు 1న టెక్సస్ విశ్వవిద్యాలయం టవర్ మీంచి కాల్పులు జరిపిన చార్ల్స్ విట్‌మన్. తనలో ఏదో మార్పు వచ్చిందనీ, చనిపోయాక మెదడును పరీక్షించమనీ రాసిపెట్టాడు. గడ్డ దొరికింది. గవర్నర్ వేసిన నిపుణుల బృందం, అది దోహదం చేసి ఉండొచ్చేమో కానీ అప్పటికున్న పరిజ్ఞానంతో స్పష్టమైన సంబంధం చెప్పలేమంది. టైమ్‌లైన్ గీస్తే ఇంకోటి కనిపిస్తుంది: ఆ పొద్దున తుపాకీ కొన్నాడు, తూటాలు కొన్నాడు, బరువైన పెట్టెను తోసుకెళ్లే బండి అద్దెకు తెచ్చాడు. అంతకుముందు తల్లినీ భార్యనూ చంపాడు. గడ్డ ఉన్నదన్నది వాస్తవం, మూడో గడిలోకి వెళ్తుంది, పక్కన ‘సంబంధం తేలలేదు’ అని రాసి. నాలుగో గడిలోకి దాన్ని లాగొద్దు. అదే ఏడాది చికాగోలో ఎనిమిదిమంది నర్సింగ్ విద్యార్థినులను, నర్సులను చంపిన రిచర్డ్ స్పెక్‌కు హింసకు కారణమని అప్పట్లో అనుకున్న అదనపు వై క్రోమోజోమ్ ఉందని పత్రికలు రాశాయి. పరీక్షలో అతనికి అది లేదని తేలినా ఆ మాట చాలాకాలం చలామణీ అయింది. జీవశాస్త్రం పేరుతో వచ్చే కారణానికి ల్యాబ్ రిపోర్టు ఎవరిది, ఏ తేదీది అని అడగాల్సింది ఇందుకే.

నాలుగో సందేహానికి, షిప్‌మన్ పేజీ ఇలా రాయొచ్చు:

ఉద్దేశం: రుజువైంది. ఆధారం, శవాల్లో దొరికిన మార్ఫిన్ జాడలు, తేదీలు మార్చిన రికార్డులు.
మోటివ్: ఒక మరణంలో డబ్బు (దొంగ వీలునామా). మిగతావాటిలో తేలలేదు, నేరస్థుడు ఒప్పుకోకుండానే మరణించాడు.
నేపథ్యం: తల్లి మరణం, పెథిడిన్ (మత్తునిచ్చే నొప్పి మందు) అలవాటు, దొంగ ప్రిస్క్రిప్షన్లకు 1976లో జరిమానా. హత్యలతో సంబంధం ఊహ మాత్రమే.
తక్షణ కారణం: తేలలేదు.
అవకాశం: ఒంటరిగా ఇళ్లకు వెళ్లే డాక్టరు, మరణ ధ్రువపత్రం రాసేదీ తనే, మందు నిల్వల మీద తనిఖీ లేకపోవడం.

ఆ ఐదో వరుస మీరు అడగలేదు, కానీ ప్రతి పేజీలో ఉంచండి. 215 మంది ఎందుకు చనిపోయారన్న ప్రశ్నకు, అతని మనసు గురించి రాసిన పుస్తకాలన్నిటికన్నా ఆ వరుసే ఎక్కువ చెబుతుంది. విచారణ తర్వాతి నివేదికలు కూడా ఈ సంగతులనే విడిగా పరిశీలించాయి: మరణ ధ్రువీకరణ, మందుల లెక్క, కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) పద్ధతి. ‘తేలలేదు’ అని రాసినచోట తేదీ వేసి పెట్టుకోండి. అప్పీలో కొత్త డీఎన్‌ఏ పరీక్షో వచ్చినప్పుడు ముందు తెరవాల్సింది ఆ వరుసలనే.